ఆరేదాకా ఆగిన చెయ్యి

పొద్దున్నే కుండలో నీళ్లు పుక్కిలిస్తే నా పళ్లన్నీ జివ్వుమంటాయి, పైవరుసలో ముందున్న ఒక్కటి తప్ప. దానికి చలి తెలియదు. నాలుక కొనతో తడిమితే టీ కప్పు అంచులా నున్నగా తగులుతుంది. అప్పుడు రాజ్యలక్ష్మి డాక్టరమ్మ గుర్తొస్తారు. అనకాపల్లిలో బెల్లం మార్కెట్టుకు వెళ్లే దారిలో, ఒక మేడ మీద ఆవిడ పళ్ల ఆసుపత్రి ఉండేది. ఇప్పుడు ఆవిడా లేరు, ఆ బోర్డూ లేదు.

మాది తుమ్మపాల దగ్గర పల్లె. చెరుకు గడను పళ్లతోనే ఒలుచుకు తినడం మాకు అలవాటు. కత్తి అడిగితే నవ్వుతారు. అలా ఒలుస్తూనే నా ముందుపన్ను సగానికి విరిగింది. నలభై దాటాక రాత్రిబడికి పోయి అక్షరాలు నేర్చుకుంటున్న రోజులవి. కూడబలుక్కుని చదవడం వచ్చింది గానీ, పైకి చదివితే మాటల్లోంచి గాలి పోయేది. కొంగు నోటికి అడ్డం పెట్టుకునేదాన్ని. మా పొదుపు సంఘంలో తీర్మానాలు చదివి వినిపించే పని నాకిస్తామన్నారు. అన్నాళ్లూ ఎవరో చదివితే వేలిముద్ర వేసినదాన్ని. ఆ పని నాకు కావాలి. అందుకే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ నరం తీసి, మిగిలిన మోడు మీద పింగాణీ తొడుగు అతికించారు.

"రాయిలాంటిదే, కానీ దీంతో చెరుకు కొరక్కు సత్తెమ్మా" అన్నారు.

నెల తిరక్కుండానే, సంఘం ముందు నేను మొదటి తీర్మానం చదువుతుండగా ఆ తొడుగు ఊడి నా ఒళ్లో పడింది.

"సదవమంటే పన్నూడగొట్టుకున్నావేటి వదినా?" అంది మా ఆడపడుచు గౌరి. అందరూ నవ్వారు. "సెరుకు కొరికేసుంటాది" అంది ఇంకొకామె.

అది నిజమే. రెండు రోజుల ముందు తోటలో నోరూరి ఒక కణుపు కొరికాను. కాగితం గౌరి చేతిలో పెట్టి ఇంటికొచ్చేశాను. ఆ తర్వాత బడికీ వెళ్లలేదు. చదువు నాలాంటిదాని నోట నిలవదనుకున్నాను.

చివరికి గౌరే తరిమితే, తొడుగును కొంగున ముడేసుకుని అనకాపల్లి వెళ్లాను.

"తప్పు నాదేనమ్మా. ఓ కణుపు కొరికేను."

డాక్టరమ్మ తొడుగును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి లోపలివైపు తిప్పి చాలాసేపు చూశారు. తర్వాత నా పంటి మోడు చూశారు. అద్దం నా చేతికిచ్చారు.

"జిగురంతా తొడుగుకే ఉంది. నీ పంటి మీద ఏమీ లేదు, చూడు. అతుకు సరిగ్గా ఉండుంటే పింగాణీ విరిగేది, ఇలా నున్నగా ఊడదు. ఆ రోజు కరెంటు పోయి ఉమ్మి పీల్చే గొట్టం ఆగిపోయింది. నీకు బస్సు పోతుందని తొందరపడ్డాను. పన్ను ఆరలేదు. తప్పు నాది."

"మరి సెరుకో?"

"దానికి విడిగా తిడతాను."

చెరుకు మీదకు తోసేస్తే నేను కూడా నమ్మేదాన్ని. అంత చదువుకున్న మనిషి నా ఎదుట తప్పు నాదని ఎందుకన్నారో ఆ రోజంతా నాకు అంతుపట్టలేదు.

ఆ తొడుగునే శుభ్రం చేసి మళ్లీ అతికించడానికి కూర్చున్నారు. పంటి చుట్టూ దూది పెట్టి, గాలి ఊది ఆరబెట్టారు. జిగురు పెట్టబోతుంటే నా నాలుక తగిలింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని అంతా మొదటినుంచీ చేశారు. నా దవడలు లాగేస్తున్నాయి.

"బస్సుంటాదో లేదోనమ్మా" అన్నాను దూది మార్చినప్పుడు.

"పోతే పోనీ, మా ఇంట్లో పడుకుందువు గాని. పింగాణీ గట్టిదే, పన్నూ గట్టిదే. మధ్యలో ఉన్న పొర నా చేతిపని. అది నిలిస్తేనే అవి నిలుస్తాయి."

అయ్యాక ఆ రోజు పేపరు నా చేతికిచ్చి చదవమన్నారు. కొంగు అడ్డం లేకుండా చదివాను. మళ్లీ బడికి వెళ్లాను, ఆ మరుసటి సంఘం సమావేశంలోనూ చదివాను. ఆ పన్ను మళ్లీ ఊడలేదు.

కొన్నేళ్లకు డాక్టరమ్మ జబ్బుచేసి పోయారు. ఆ కబురు పేపర్లో నేనే చదువుకున్నాను. ఏమైందని గౌరి అడిగితే పైకి చదవలేక పేపరు మడిచేశాను.

ఇప్పుడు సాయంత్రాలు మా అరుగు మీద కొందరు ఆడవాళ్లకు అక్షరాలు చెబుతున్నాను. మొన్న వాళ్లలో పైడితల్లి పలక కింద పెట్టేసింది.

"నా బుర్రలో నిలవదు పిన్నీ, వొదిలీ."

"ఉండు. నేనెలా సెప్పేనో ముందు సూసుకోనీ" అన్నాను.

పలక తీసుకుని తడిగుడ్డతో తుడిచాను. అది పూర్తిగా ఆరేదాకా ఆగి, మొదటి అక్షరం మళ్లీ రాశాను.