కొర్ర చేనులో పెండ్లి సీడీ

మా చిన్నప్పుడు... కొర్ర కంకి పట్టిందంటే బడి మానేసి చేనులో మంచె ఎక్కేవాళ్ళం. పిట్టలను తోలాలి. డబ్బా కొట్టి కొట్టి చేతులు నొప్పి పుట్టి, ఒకరోజు మా నాయన గడ్డం గీసుకునే అద్దం ఎత్తుకుపోయాను. ఎండను అద్దంలో పట్టి పిట్టల మీదికి కొడితే గుంపంతా లేచిపోయేది.

కాసేపటికి నాయన సగం గడ్డంతో చేనుకు వచ్చాడు.

"అద్దం యాడరా?" అన్నాడు. అంతకు మించి మాట్లాడే మనిషి కాదు. మిగతాది చేత్తో చెప్పాడు...

ఇప్పుడు అద్దాలకు బదులు సీడీలు కడుతున్నారు. పోయిన పంటకు మా ఇంటామె కూడా ఇంట్లో ఉన్న పాత సీడీలన్నీ తీసి, చీర పేలికలతో చేనంతా కట్టింది. గాలికి గిర్రున తిరుగుతుంటే నేను కూడా మెచ్చుకున్నాను.

వారం తర్వాత తెలిసింది... అందులో మా పాప పెండ్లి సీడీ కూడా ఉందని.

మా నాయన పోయి చాలా ఏండ్లయింది. ఆయన గొంతు ఉన్నది ఆ ఒక్క సీడీలోనే.

"చూసి కట్టకూడదా?" అన్నాను.

"దాని మింద పేరేమన్నా రాసుండాదా? నువ్వు పోయి నిలబడితే పిట్టలు నీ నెత్తినే వాలతాండాయి. అందుకే కట్టినా" అంది.

ఏది పెండ్లిదో తెలియక అన్నీ పేలికలతో సహా సంచిలో వేసుకుని, ఇద్దరం కదిరిలో మస్తాన్ కంప్యూటర్ అంగడికి పోయాము. సీడీ పట్టే పాత మిషను అతని దగ్గర ఇంకా ఉంది.

"ఏమన్నా, తోరణాలు తెచ్చినావా?" అన్నాడు మస్తాన్.

ఒక్కొక్కటే విప్పి, తుడిచి వేశాడు. ఒకటి భజన పాటలు. ఒకటి శనక్కాయలకు మందు కొట్టే విధానం. ఒకటి ఉత్త ఖాళీ... దానికి కూడా పిట్టలు వారం రోజులు భయపడ్డాయి.

ఇందులో బొమ్మ ఎట్లా ఉంటుందప్పా అని అడిగాను.

"లోపల సన్నని లైటు ఉంటాదన్నా. సీడీ నింపేటప్పుడు దాంతోనే రంగు పొర మింద చుక్కలు చుక్కలుగా కాలుస్తారు. చూసేటప్పుడు మళ్ళా లైటు ఏస్తే, కాల్చని చోట బాగా తిరిగొస్తాది, కాల్చిన చోట మసకగా వస్తాది. ఆ తేడా చూసుకుంటా పోతే బొమ్మ, మాట వచ్చేది."

అద్దానికి మట్టి అంటిన చోట ఎండ వెనక్కి కొట్టదు కదా... అట్లా అన్నమాట. నాకు వెంటనే అర్థమైంది.

"ఎండకు ఆ రంగు చెడిపోతాది. ఈమె వారం ఎండేసింది" అన్నాడు. మా ఇంటామె మిషను వైపు చూస్తోంది గానీ నా వైపు చూడటం లేదు.

చివరిది వేశాడు. మిషను చాలాసేపు గురగురమంది... పెండ్లి పందిరి కనిపించింది. గుమ్మం దగ్గర తలపాగాతో మా నాయన.

"రాండప్పా, రాండి. కాళ్ళు కడుక్కోండి" అంటున్నాడు. తర్వాత కెమెరా వైపు తిరిగి, "ఆ లైటు పక్కకు తీయప్పా, కండ్లు పోతాండాయి. పెండ్లి నాకా?" అన్నాడు. అంగట్లో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాను.

తాళి కట్టేలోపే బొమ్మ నిలబడిపోయింది.

"సీడీలో మొదలు నడిమి నుంచేనన్నా. నడిమి బొక్కకు కట్టిన ఈ పేలిక ముడి అడ్డమై ఆడ మాత్రం ఎండ తగల్లేదు. బయటి భాగం పోయినట్టే" అన్నాడు మస్తాన్.

"చూసినావా, నా ముడి వల్లనే మీ నాయన దక్కినాడు" అంది మా ఇంటామె.

దక్కిన ఆ నాలుగు నిమిషాలు మస్తాన్ నా ఫోన్లోకి ఎక్కించి ఇచ్చాడు. రోజూ వింటాను. బతికి ఉన్నప్పుడు నాయన మాతో ఒకేసారి అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు...

కొత్త కంప్యూటర్లలో సీడీ పెట్టే చోటే ఉండటం లేదట. మీ ఇండ్లలో సీడీలు ఉంటే, మిషన్లు ఉన్నప్పుడే ఒకసారి వేసి చూడండి. అందులో ఎవరు మాట్లాడుతున్నారో ఇక్కడ రాయండి... చదువుతాను.