సర్కారు తుమ్మ

నాచారంలో మా వీధి మలుపు తిరగ్గానే మౌలాలి గుట్ట కనబడింది. అక్కడే ఆగిపోయాను. ఇన్నేళ్లలో మా వీధిలోంచి ఆ గుట్ట ఎప్పుడూ కనబడలేదు. మధ్యలో చెట్లుండేవి.

పదో తరగతి పేపర్లు దిద్దడానికి పొద్దున్నే ఉప్పల్ వెళ్లి, మండే ఎండలో తిరిగొస్తున్నాను. తల తిరిగి వేరే వీధిలోకి వచ్చానేమో అనుకున్నాను. కాదు, మా వీధే.

ఆ చెట్లున్నది మా లేఅవుట్‌లో పార్కుకని వదిలేసి అందరూ మరిచిపోయిన బండల జాగాలో. ఒకరు నాటింది లేదు, నీళ్లు పోసింది లేదు. మోదుగ, రేల, ఊడుగ, సీతాఫలం, వాటి నడుమ ఒక ముసలి నెమలినార. వాటన్నిటినీ మింగేస్తూ చుట్టూ సర్కారు తుమ్మ. పరాయి దేశం నుంచి తెచ్చి చల్లిన ముళ్లచెట్టు అది, తన పక్కన ఇంకో మొక్కను బతకనివ్వదు. ఆ ముళ్లచెట్టును పీకించి మన చెట్లను మిగుల్చుకుందామని కాలనీ సంఘంలో నేను పోరని రోజు లేదు. చివరికి అందరూ తలలూపారు. జేసీబీని మాట్లాడే పని అధ్యక్షుడు తీసుకున్నాడు.

నా బెంగంతా ఆ నెమలినార మీదే. దాని తొర్రలో కొమ్ముపిట్ట ఉంది. బూడిద రంగు పిట్ట, ముక్కు మీద చిన్న కొమ్ము. గుడ్లు పెట్టే ముందు ఆడది తొర్రలో దూరి, వాకిలిని మట్టితో, రెట్టతో మెత్తేసుకుంటుంది. సన్నటి సందు ఒక్కటే మిగులుస్తుంది. మగది ఆ సందులోంచే పండ్లు అందిస్తుంది. మా ఇంట్లో అందరం దాన్ని బాలింత అనేవాళ్లం. "బాలింతకు టిఫినొచ్చింది" అంటూ డాబా మీదికి పరిగెత్తేవాళ్లం. అధ్యక్షుడు కూడా ఒకసారి వచ్చి బైనాక్యులర్లో చూసి, "అచ్చం పురిటిగదేనండీ!" అని మురిసిపోయాడు.

ఇప్పుడు ఆ జాగాలో సర్కారు తుమ్మ ఒక్కటే నిలబడి ఉంది. ఒక్క కొమ్మ విరగలేదు. మిగతాదంతా ఎర్రమట్టి, వేళ్లు, చీలిన మానులు. నెమలినార బోర్లా పడి ఉంది, తొర్ర నేలవైపు.

"ఏందన్నా ఇది? ఎవలు కొట్టమన్నరు?" జేసీబీ నడిపే ఆయన మీద అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"నన్నంటరేంది మేడం? సర్కారు తుమ్మను ఏం జెయ్యాలె అని సారునే అడిగిన. సర్కారుది ముట్టకు, కేసైతది, మిగతాది తీసెయ్ అని చెప్పి పోయిండు."

అప్పుడే అధ్యక్షుడు స్కూటర్ దిగాడు. జాగా చూసి ఆయన మొహం పాలిపోయింది. "నేను మిగతా కంపంతా తీసెయ్ అన్నానండీ. చెట్లు కొట్టమంటానా? మా వైపు ఈ ముళ్లచెట్టును కంప అనే అంటాం. సర్కారు తుమ్మంటే గవర్నమెంటు వాళ్లు నాటించిన చెట్లేమో అనుకున్నాను."

"సార్, ఆ ముళ్లచెట్టు పేరే సర్కారు తుమ్మ!"

కోస్తాలో సర్కారు జిల్లాల నుంచి వచ్చిన పెద్దమనిషి, సర్కారుకు భయపడి సర్కారు తుమ్మను కాపాడాడు. ఇంకో రోజైతే కాలనీ అంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. నేను నెమలినార దగ్గరికి నడిచాను.

మాను తిప్పమన్నాను. జేసీబీ దాన్ని మెల్లగా దొర్లించింది. వాకిలికి మెత్తిన గోడ చెక్కు చెదరలేదు. చెట్టంత చెట్టు కూలింది కానీ ఆ బెత్తెడు గోడకు పగులైనా లేదు. నేను సందులో చెవి పెట్టాను. చప్పుడు లేదు. అధ్యక్షుడు స్కూటర్ తాళంతో గోకడం మొదలుపెట్టాడు. మట్టి రాయిలా ఉంది. తాళం లాక్కుని నేనే గోకాను.

బాలింత లోపలే ఉంది, మెడ వాలిపోయి. దాని కింద గుడ్ల పెంకులు, సొన. ఇంకా వెచ్చగానే ఉంది.

"చెట్టు కదిలినప్పుడే గోడ పొడుచుకుని ఎగిరిపోవచ్చు కదండీ," అన్నాడు ఆయన, ఏడుస్తున్నట్టే. "ఎందుకుండిపోయింది?"

నేను దాన్ని ఒళ్లోకి తీసుకుని రెక్క విప్పి చూపించాను. తొర్రలో కూర్చున్నాక అది పెద్ద ఈకలన్నీ రాల్చేసుకుంటుంది. పిల్లలు పెరిగేలోపు కొత్తవి వస్తాయి. అప్పుడే వస్తున్న ఈకలు మొలకల్లా ఉన్నాయి. ఆయన చూడలేక అటు తిరిగి నిలబడ్డాడు. జేసీబీ ఆయన ఇంజన్ ఆపేశాడు.

అప్పుడొచ్చింది మగది. నోట్లో రావి పండు ఉంది. నెమలినార ఉండాల్సిన చోట, ఆ ఖాళీలో, చుట్టూ తిరిగింది. మళ్లీ తిరిగింది. వాలడానికి ఏమీ లేక సర్కారు తుమ్మ మీద, ముళ్ల మధ్య వాలింది. మేం ముగ్గురం కదల్లేదు. బాలింత నా ఒళ్లోనే ఉంది. మగది మమ్మల్ని చూడనే లేదు, పండు మింగనూ లేదు. తొర్ర సందు ఉండే ఎత్తుకు మెడ చాచి, ఖాళీ గాలికి పండు అందించింది.