బోల్టు బిగించకముందు మా ఉస్తాదు

మా ఉస్తాదు పోయాడని మొన్న పొద్దున ఆయన తమ్ముడు ఫోన్ చేశాడు. నేను నమ్మలేదు.

"అన్న పోయిండు బావా" అని ఏడుస్తున్నాడు.

"ఏడ్సుడు బాగనే జేస్తున్నవ్ గని, ఫోన్ మీ అన్నకియ్యి" అన్నాను.

ఫోన్ పెట్టేశాడు. నన్ను తిట్టుకోకండి. అంతకుముందొకసారి "ఉస్తాదు దవాఖానాల పడ్డడు, జల్ది రా" అని కబురొస్తే చెప్పులు లేకుండా ఉరికాను. ఆయన షెడ్డు ముందు కూర్చొని మిర్చి బజ్జీ తింటున్నాడు. "ఊకె రమ్మంటే రావు గద" అన్నాడు. అలాంటి మనిషి చచ్చిపోయాడంటే ఎవరు నమ్ముతారు? చిల్కానగర్‌లో వాళ్ళింటికి పోయి, పడుకోబెట్టిన చాప పక్కన కూర్చొని, చాలాసేపు ఆయన ఛాతీ వైపే చూశాను, కదులుతుందేమోనని. ఏడ్చే ఆడవాళ్ళు నన్ను వింతగా చూశారు. చూస్తే చూశారు.

నేను ఐదో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి. నాచారంలో ఫ్యాక్టరీల సామాను మోసే చిన్న డీజిల్ బండి నడిపి పిల్లల్ని పెంచాను. ఉస్తాదు ఆ బండికి మెకానిక్. ఇండస్ట్రియల్ ఏరియా వెనక గల్లీలో రేకుల షెడ్డు. మాకు చుట్టరికం లేదు. ఒకర్నొకరు ఎక్కిరించుకోవడానికి వీలుగా ఉంటుందని బావా అని పిలుచుకునేవాళ్ళం.

ఆయన దేన్నీ నమ్మేవాడు కాదు. చాయ్ గ్లాసును కూడా వెలుతురుకు ఎత్తి చూసి తాగేవాడు. కొత్త బోల్టుల ప్యాకెట్ తెస్తే ఒక్కొక్కదాన్నీ పాతదాని పక్కన నిలబెట్టి పొడుగు కొలిచేవాడు.

"అన్నీ ఒక్క తీరే గద ఉస్తాద్?" అంటే, "కొత్తల్లుళ్ళు గూడ పెండ్లినాడు ఒక్క తీరే ఉంటరు బావా" అనేవాడు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? నా బండిలో మంచి సామాను తీసి పాతది పెడతాడేమోనని నాకు అనుమానం. ఒకసారి ఇంజన్ బ్లాకు మీద ఎవరికీ కనబడకుండా మేకుతో చిన్న గీత గీశాను. మర్నాడు పోయి చూస్తే ఆ గీత పక్కనే చాక్‌పీసుతో "చూసిన బావా" అని రాసి ఉంది. ఇలా ఇద్దరు అనుమానపు మనుషులు ఇరవై ఏళ్ళు స్నేహం చేశారు.

ఆయనకు అన్నిటికంటే పెద్ద అనుమానం హెడ్డు బోల్టుల రంధ్రాల మీద. ఇంజన్‌లో కింద ఉండేది బ్లాకు, దాని మీద మూతలాగా కూర్చునేది హెడ్డు. హెడ్డును పట్టి ఉంచే బోల్టులు బ్లాకులోని రంధ్రాల్లోకి దిగుతాయి. ఆ రంధ్రాలకు అడుగు మూసి ఉంటుంది. ఉస్తాదు సన్నటి తీగకు గుడ్డ చుట్టి ఒక్కొక్క రంధ్రంలో తిప్పి, బయటికి తీసి, తడి ఉందా అని వేళ్ళతో నలిపి చూసేవాడు. తర్వాత గాలి కొట్టేవాడు. మళ్ళీ తీగ.

"చెవిల గుబిలి తీస్తున్నవా?" అని నేను ఎక్కిరించేవాణ్ణి.

"అడుగున చెంచెడు నూనెనో నీళ్ళో ఉన్నయనుకో. మీదికెల్లి బోల్టు దిగుతది. నీళ్ళేడికి పోవాలె? నీళ్ళు అణగవు బావా. ఇనుమే పగుల్తది. బ్లాకు పగిలితే ఇంకేముంది, బండిని తూకానికి అమ్ముకునుడే."

విన్నాను. బుర్రకు ఎక్కించుకోలేదు.

కొన్నేళ్ళ కింద నా బండి హెడ్డు గ్యాస్కెట్, అంటే హెడ్డుకూ బ్లాకుకూ నడుమ పరిచే పలుచటి రేకు, పోయింది. ఉస్తాదు హెడ్డు విప్పి, రంధ్రాలన్నీ ఆరబెట్టి, బ్లాకు మీద శుభ్రమైన బట్ట కప్పాడు. హెడ్డును సాపు చేయించడానికి లేత్ దుకాణానికి పోతూ, "ఆ బట్ట ముట్టకు" అన్నాడు. నేను కాపలా కూర్చున్నాను. అది శుక్రవారం. మా ఆవిడ పొద్దున్నే సంచీలో కొబ్బరికాయ పెట్టి, "కడుపు కోసిన బండి, పూజ జెయ్యకుంట మూతెయ్యనియ్యకు" అని చెప్పి పంపింది. ఉస్తాదు ముందు కొడితే ఊరుకోడు. ఇంజన్ స్టార్ట్ అయ్యాక బంపర్ ముందు కొట్టుకోమంటాడు. అందుకే ఆయన గల్లీ మలుపు తిరగ్గానే బట్ట తీశాను. పసుపు, కుంకుమ పెట్టాను. పక్కన రాయి మీద కాయ కొట్టి, ఆ నీళ్ళు బ్లాకు మీద మూడుసార్లు చల్లాను. భక్తి కొంచెం ఎక్కువైంది. నీళ్ళు కారి రంధ్రాల్లోకి పోయాయి. పైపైన తుడిచి, బొట్లు చెరిపి, బట్ట కప్పేశాను. బోల్టు దిగితే నీళ్ళు వాటంతటవే పక్కకు పోతాయిలే అనుకున్నాను.

ఉస్తాదు వచ్చాడు. రంధ్రాలు ముందే చూసుకున్నాడు కదా, పైన ఒకసారి తుడిచి, గ్యాస్కెట్ పెట్టాడు, హెడ్డు దించాడు. బోల్టులన్నీ చేత్తో తిప్పి నిలబెట్టాడు. పెద్ద పానా తీసుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, నీళ్ళు అణగవన్న మాట. చెబుదామంటే సిగ్గు. ఇన్నేళ్ళు దొంగ దొంగ అని ఆయన్ని ఎక్కిరించింది నేనే. చెప్పకపోతే బ్లాకు పోతుంది, దానితో నా బతుకూ పోతుంది. అయినా నోరు రాలేదు.

పానా నడిమి బోల్టు మీద కూర్చుంది. ఉస్తాదు భుజం వంచాడు. వంచి, ఆగాడు. తల తిప్పి నన్ను చూశాడు.

"ఏంది బావా, సప్పుడు జేస్తలేవు?"

"ఏం లేదు."

"ఏం లేకుంటే ఎక్కిరిస్తుంటివి. నువ్వు నోర్మూసుకున్నవంటే ఏదో అయింది."

పానా కింద పెట్టాడు. ఒక్క మాట అడక్కుండా అన్ని బోల్టులూ విప్పాడు, హెడ్డు లేపాడు. మొదటి రంధ్రంలో తీగ పెట్టి తీశాడు. గుడ్డ తడిసి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ తర్వాత, మీరు నమ్మండి నమ్మకపోండి, నాలిక చివర ఆనించి చూశాడు.

"తియ్యగున్నది" అన్నాడు. "చిప్పలేడ బెట్టినవ్?"

సీటు కింద నుంచి తీసిచ్చాను. కోప్పడతాడనుకున్నాను. ఆయన ఒక చిప్ప నాకిచ్చి, ఇంకోటి తాను కొరుకుతూ, ఒక్కొక్క రంధ్రం మళ్ళీ మొదట్నుంచి ఆరబెట్టాడు. "దేవుడు గూడ రంధ్రాలల్ల నీళ్ళు పొయ్యమన్లే బావా" అన్నాడు, అంతే. ఈ సంగతి షెడ్డుకొచ్చే డ్రైవర్లలో ఒక్కరికి కూడా చెప్పలేదు. నేనైతే ఊరంతా దండోరా వేసేవాణ్ణి. ఇవాళ నా నోటితో నేనే చెప్తున్నాను.

బోల్టులు నడిమి నుంచి అంచులకు, కొంచెం కొంచెంగా మూడు దఫాలు బిగించాడు. బ్లాకు నిలబడింది. ఇంజన్ స్టార్ట్ అయ్యాక, రోడ్డు మీద నడిపి చూడటానికి బయల్దేరితే, "నేను గూడ వస్త, నిన్ను నమ్మను" అని బండెక్కాడు. ఉప్పల్ రింగు దాటేలోగా రెండుసార్లు ఆపించి, కిందికి వంగి చుక్క పడుతోందా అని చూశాడు. వేడి చూపించే ముల్లు మీద నుంచి కళ్ళు తిప్పలేదు. బోడుప్పల్ దాటాక ఏదో ఎక్కిరింపు విసిరాను. జవాబు రాలేదు. మళ్ళీ ఏం అనుమానమొచ్చిందోనని చూశాను.

ఉస్తాదు నిద్రపోయాడు. నోరు తెరుచుకొని, గ్రీసు చేతులు ఒళ్ళో పెట్టుకొని, తల నా భుజం మీద వాల్చి.

చెంగిచెర్ల దగ్గర బండి వెనక్కి తిప్పాలి. తిప్పితే కుదుపుకు లేస్తాడని అలాగే ముందుకు పోనిచ్చాను. వెనక లారీవాడు హారన్ మీద హారన్ కొడుతుంటే, వాణ్ణి తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టాను గానీ, గొంతు లేవకుండా తిట్టాను.