పలక మీద దండం

మా ఇంట్లో చదరంగం బోర్డు పలకరాయిదే. నాయన పలకల కార్ఖానాలో పనిచేసే రోజుల్లో ఒక మందపాటి రాయి తెచ్చి, దాని మీద గడులు గీశాడు. ఆ పలక తాకి కళ్ళకద్దుకోనిదే నన్ను మొదటి ఎత్తు వేయనిచ్చేవాడు కాదు. పొలంలో మోటారు స్విచ్ వేసినా ఆయనకు ముందు దండమే. ఆ అలవాటు నాకూ అంటుకుంది.

పోయిన చదరంగం లీగులో చివరి మ్యాచి గిద్దలూరు జట్టుతో పడింది. ఆడింది మా మార్కాపురంలోనే, ఒక కల్యాణమండపంలో. మిగతా ఆటలన్నీ ముగిసేసరికి రెండు జట్లూ సమానం. ఇక మిగిలింది నా బోర్డు. నేను ఓడితే మా జట్టు లీగులోంచి పోతుంది. వెనక కుర్చీలో నాయన.

నావి నల్లపావులు. సిసిలియన్ డ్రాగన్ అనే ఆరంభం ఆడాను. పేరుకే అది డిఫెన్స్. నిజానికి ఎవరు ముందు ఎదుటి రాజు మీద పడతారా అన్న పరుగు. మావాళ్ళందరూ వద్దన్నారు, నేను వింటేగా!

ఎదురుగా పశువుల ఆసుపత్రిలో పనిచేసే పెద్దమనిషి. ఆయన అంచు బంటును తోసుకొచ్చి, నా రాజు పక్కనే ఏనుగుకు దారి తెరిచాడు. అయినా నాకొక ఎత్తు ఉంది. నా ఏనుగునిచ్చి ఆయన గుర్రాన్ని కొడితే ఆ దాడి విరిగిపోతుంది. ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను. తప్పితే ఏమవుతుందోనని భయం పట్టుకుంది. ఆ భయంలో నా చెయ్యి దానంతటదే బోర్డు అంచుకు పోయి, తాకి, కళ్ళ దగ్గరికి వచ్చింది. అంచు గడిలో ఉన్నది నా రాజు, నేను తాకింది దాన్నే.

"అమ్మా, రాజును తాకినావు" అన్నాడాయన మెల్లగా.

"దండం పెట్టుకున్నా పెదనాయనా. ఆడేదానికి కాదు."

తీర్పు చెప్పే ఆర్బిటర్ వచ్చాడు. "ఏందమ్మా ఇది? తాకిన పావునే ఆడాల. అందరికీ ఒకటే రూలు."

రాజును పక్క గడిలోకి జరపడానికే నా ఎత్తు పోయింది. ఆ తర్వాత ఆట ఎంతోసేపు సాగలేదు. మా జట్టు లీగులోంచి పోయింది.

ఇంటిదారి పొడవునా నాయన ముందు ముందే పోయాడు. తిడతాడేమోనని బిక్కుబిక్కుమంటూ వెనకే నడిచాను. మర్నాడు సాయంత్రం ఆయనే పలక తీసి పావులు పేర్చాడు. చెయ్యి చాచి, మధ్యలోనే ఆపుకుని, నేరుగా బంటును జరిపాడు.

"ఏంది నాయనా, దండం పెట్టుకోలేదే?"

"వద్దులే అమ్మా. నేను మానితే గదా నువ్వు మానేది."

నా కోసం ఆయన దండమే మానేస్తాడేమోనని, మ్యాచిలో కన్నా అప్పుడే నాకు ఎక్కువ భయమేసింది. ఆయన చెయ్యి పట్టుకుని పలకకు ఆనించాను.