హౌజులో మునిగిన నా ఓడ

ఆ రోజుల్లో ఈత తప్ప నాకు రానిదేదీ లేదనుకునేవాణ్ణి. సముద్రం ఊసే లేని చోట, పెద్ద చెరువుల ఒడ్డున పూర్వం చెక్క ఓడలు ఎలా కట్టేవారన్నది నా పరిశోధన. తార్నాకలో గది అద్దెకు తీసుకుని, పగలంతా యూనివర్సిటీ లైబ్రరీలో చదివి, సాయంత్రం మెస్‌లో జూనియర్లకు (వాళ్లు వినకపోయినా) ఓడల మీద ఉపన్యాసాలు దంచేవాణ్ణి.

మా గైడు సారుది రాయలసీమ. "చదివింది చాల్లేప్పా. నువ్వు రాసిన పద్ధతిలోనే ఒక పడవ చేసి చూపించు. మునిగిందా, టాపిక్ మార్చుకో" అన్నారు. రెండేళ్ల నా చదువంతా మూడడుగుల పడవ మీద పడింది. పలకలు చెక్కి, గట్టిగా ఉండాలని డాబా మీద మండుటెండలో పదిరోజులు ఆరబెట్టి, సందుల్లో కొబ్బరి పీచు కూరి (మూడు గోళ్లు నల్లబడ్డాయి) తయారుచేశాను. మా ఇంటి యజమానురాలు పెద్దమ్మ వాకిట్లోని నీళ్ల హౌజులో, బరువుకు నాలుగు ఇటుకలు పెట్టి, సారు ఎదుటే దించాను. బుడబుడమంటూ అడుక్కి వెళ్లిపోయింది.

"ఇది పడవ కాదప్పా, జల్లెడ. శుక్రవారం కొత్త టాపిక్‌తో రా" అని సారు స్కూటరెక్కారు.

ఏడుపొచ్చింది. దాన్ని పైకి తీసి విరగ్గొట్టబోతుంటే పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది. "ఏంది బిడ్డా గిది? ఎండకాలం మా బండి గిర్రలు ఎండి వదులైతుండె. రెండు దినాలు నీళ్లల్ల నానవెడితే కట్టె ఉబ్బి గట్టిగైతుండె. మల్ల నీళ్లల్లనే ఉండనీ."

"పెద్దమ్మా, ఇది బండి కాదు, ఓడ" అన్నాను గంభీరంగా.

"ఏదైతేంది? కట్టె కట్టెనే గద!" అంటూ దాన్ని మళ్లీ హౌజులోకి తోసేసింది.

శుక్రవారం సారును బతిమాలి మళ్లీ తీసుకొచ్చాను. నానిన పడవలో నీళ్లు వంపేసి, అవే ఇటుకలు పెట్టి దించితే దర్జాగా తేలింది. సారు లోపల చెయ్యి పెట్టి తడిమారు. చుక్క నీరు లేదు.

"ఎట్లా కనుక్కున్నావప్పా?"

"పరిశోధన సార్" అన్నాను.

బట్టలారేస్తున్న పెద్దమ్మ అది వింది. "మా పిలగాడు మస్తు సదువుకున్నడు సారూ" అంది, నిజంగానే మురిసిపోతూ. ఆ మాటకు నాకు తల కొట్టేసినట్టయింది. జరిగిందంతా అక్కడే చెప్పేశాను.

సారు స్టూలు లాక్కుని ఆమె ఎదుట కూర్చుని, "అమ్మా, ఆ బండి చక్రాల సంగతి మొదటి నుంచి చెప్పండి" అన్నారు. నోట్‌బుక్కు మాత్రం నా చేతికిచ్చారు.

ఆమె చెబుతుంటే తల ఎత్తకుండా రాసుకున్న ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నా థీసిస్‌లో నేను గర్వంగా తెరిచి చూపించేది పెద్దమ్మ పేరున్న ఆ రెండు పేజీలే.