సముద్రం దాకా ఆరు టైర్లు

ఆ రోజుల్ల ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కొని చదవొస్తే చాలు, ఆ మనిషికి తెలియనిది లేదని మా దిక్కు నమ్మేటోళ్లు. మందు సీసా మీద రాసింది, కుట్టుమిషన్ మీద రాసింది, ఎవరింటికో వచ్చిన కరెంటు కాయితం, అన్నీ ఆ ఒక్క మనిషి ముందటికే వచ్చేటియి. సిద్దిపేటకు కోడలిగా వచ్చేనాటికి నాకు ఇరవై ఏండ్లు. ఇంటర్ పాసైన (లెక్కల్ల ఎట్ల పాసైన్నో ఆ పేపరు దిద్దిన సారుకే ఎరుక). "మా కోడలికి ఇంగ్లీషంత వస్తది" అని మామ తన స్టీలు సామాన్ల దుకాణంల కూసొని వచ్చినోళ్లందరికి చెప్పేటోడు. కాదనాలంటే సిగ్గు, ఊకుంటే హాయి. ఆ హాయిల తేలుకుంట నేను ఊకున్న.

ఆ యేడే మామ ఒక పాత బస్సు కొన్నడు. దానికి కారణం అత్తమ్మ. ఒకనాడు పగటిపూట బియ్యం ఏరుకుంట, ఎవ్వరితోని అన్నట్టు కాకుండ, "నా జన్మల సముద్రం చూస్తనో లేదో" అన్నది. మామ చెయ్యి కడుక్కొని దుకాణానికి పోయిండు. నెల తిరిగేసరికి ఇంటి ముందు బస్సు ఆగింది! సీట్లు పీకించి లోపల కట్టె మంచాలు కొట్టించిండు, ఎనుక మూలకు వంట చేసుకునే బల్ల పెట్టించిండు. కిటికీలకు అత్తమ్మ పాత చీరెలే పరదాలు. బందరు దాకా పోవాలె, తొవ్వల అండ్లనే వండుకోవాలె, అండ్లనే పండుకోవాలె, ఇంటిల్లిపాది పదకొండు మందిమి. గల్లీల అందరు దాన్ని ఇల్లు బస్సు అన్నరు. మధ్యాహ్నం పని ఒడిసినంక నేను పోయి అండ్ల ఒరిగేదాన్ని. పరదాలు గాలికి ఉబ్బుకుంట, లోపల పచ్చటి, నీలం ఎలుతురు కదిలేది. బస్సు జాగ మీదికెళ్లి జరగకపోయేది గని నేను మాత్రం ఎన్ని వాగులు దాటిపోయేదాన్నో!

అంత కలల ఉండంగ, బస్సు నడపడానికి ఒప్పుకున్న కాక వచ్చి టైర్లు చూసిండు. కాక అంటే అత్తమ్మ తమ్ముడు, లారీలు నడిపిన మనిషి. టైరు పక్కకు గోరు పెట్టి గీకిండు. "బావా, పైన గాట్లు కొత్తదాని లెక్కనే ఉన్నయి గని గీ పక్కలు చూడు. ఎండిన చెరువు మట్టి లెక్క పలిగినయి. నడవకుండ ఎండల నిలబడ్డ బండికి గిట్లనే అయితది. తొవ్వల ఎక్కడ పేల్తదో చెప్పలేం. ఆరుకు ఆరు మార్చాలె" అన్నడు. మామ వంగి చూసి, లేచి, ఇంకెవ్వరిని అడగకుండ, "పా బిడ్డా, టైర్లు తెద్దాం" అని నన్ను పిలిచిండు. టైర్ల మీద గూడ ఇంగ్లీషే ఉంటది మరి!

టైర్ల దుకాణం ఒక ముసలాయినది. అందరు టైర్ల తాత అనేటోళ్లు. మామ పోయి పోంగనే అన్నిట్ల పెద్ద పెద్ద గడ్డలున్న టైరు మీద చెయ్యేసి, "పులి పంజా లెక్కుంది, గిదే కావాలె పెద్దన్నా" అన్నడు. తాత నవ్విండు. "గది గుట్టలల్ల మట్టి మోసే లారీలకు తమ్మీ. తారు రోడ్డు మీద తొవ్వంత మొత్తుకుంటది, మీరు పండుకున్నట్టే. టైరును మొఖం చూసి తీసుకోవద్దు. సామాను, నీళ్లు, మనుషులు అందరు ఎక్కి బండిని తూకం పెట్టుకోని రాండ్రి."

తెల్లారి రైసుమిల్లు కాంట మీదికి ఇల్లు బస్సును ఎక్కించినం. అత్తమ్మ నిజంగ పోతున్నట్టే సామాను సర్దింది. బిందెలు, పరుపులు, పచ్చడి జాడీలు, వాటి నడుమ గోనెసంచి కప్పి రోలు. మామ తన దిక్కునుంచి ఒక ఇనుప బీరువా పెట్టించిండు (ఇల్లన్నంక బీరువా ఉండాలెనని ఆయన పట్టు). కాంటాయన అలవాటు కొద్ది, "మనుషులు దిగుండ్రి" అని కేకేసిండు. "దిగం. మమ్ముల గూడ తూయాలె" అన్నడు మామ. "వడ్లు తూసిన, పత్తి తూసిన, గిట్ల ఇంటినే తూసుడు మాత్రం గిదే మొదలు" అని నవ్వుకుంట ఆయన చీటీ రాసిచ్చిండు.

ఆ చీటీ పట్టుకోని మళ్ల తాత దగ్గరికి పోయినం. "నాకు సైజు చేతికే తెలుస్తది గని చదువురాదు బిడ్డా. ఎంత మోస్తదో నువ్వే చదువు" అన్నడు తాత. కొంగు నడుముకు చెక్కి టైరు ముందట కూసున్న. చుట్టూత నలుగురు చేరిన్రు. టైరు పక్కన రెండు వరుసలున్నయి. పై వరుసల పెద్ద అంకె. కింది వరుసల జర చిన్న అంకె, దాని పక్కన డ్యూయల్ అని నాకు తెలియని మాట. తెలియని మాటను చూడనట్టు దాటేసుడు నాకు ఇంటర్ నుంచే అలవాటు. పై అంకెను ఆరుతో హెచ్చేసి, "సరిపోతది మామా, ఇంక మిగుల్తది గూడ" అన్న. మామ చుట్టూ ఉన్నోళ్లను ఎట్ల చూసిండో! టైర్లను కనిపెట్టిందే నేను అన్నట్టు చూసిండు. తెల్లారి ఎక్కిద్దామని ఖరారైంది.

పొద్దున కాక బస్సు తోలుకపోయిండు, ఎంబడి మామ పోయిండు. నేను ఇంట్ల కూరగాయలు కోసుకుంట కూసున్న గని, ఆ మాట నా కండ్లల్లకెళ్లి పోతలేదు. డ్యూయల్. కోస్తున్న బెండకాయ మీద గూడ అదే కనబడ్డది. ఇంటిల్లిపాది ఆ బస్సుల మెల్లగ ఎటో తేలిపోతున్నట్టు, కింద చక్రాలు ఒక్కొక్కటే పువ్వు లెక్క విచ్చుకుంటున్నట్టు అనిపిచ్చి చెయ్యి ఆగింది. "ఏందే, పానం బాగలేదా?" అన్నది అత్తమ్మ. చెప్పేసిన. అత్తమ్మ కత్తిపీట పక్కకు జరిపింది. "తెల్వదని చెప్తె నీ పరువు పోతది. చెప్పకుంటే పదకొండు పానాలు పోతయి. లే" అన్నది. ఇద్దరం చెప్పులు గూడ సరిగ ఏసుకోకుండ నడిచినం.

మేం పోయేసరికి బస్సు జాకీ మీద లేచి ఉన్నది. అందరి ముందట, తల వంచుకోని, "మామా, అండ్ల నాకు తెల్వని మాట ఒకటుండె. నేను చదవకుండనే సరిపోతది అన్న" అన్న. మామ ముఖం చూడలేకపోయిన. కాకనే అడిగిండు, ఏం మాటని. చెప్తే తొడ మీద చరుసుకున్నడు. "అరె, డ్యూయల్ అంటే జోడు! షెడ్లల్ల ఇన్న ఆ మాట. ఎనుక చక్రాలు జోడు జోడు ఉంటయి గద, ఒక్కోటి మోసేది ఆ చిన్న అంకె బిడ్డా."

"జోడుంటే ఇంక ఎక్కువ మోయాలె గద, తక్కువెందుకు?" అన్నడు మామ.

"రెండు ఎన్నడు సమానంగ మోయవు తమ్మీ" అన్నడు తాత. "ఒకటి జర మెత్తవడ్డదంటే బరువంత రెండోదాని మీదనే పడ్తది. అందుకని ముందే తక్కువ లెక్క కడ్తరు."

అత్తమ్మ మామ దిక్కు చూసింది. "గిది నాకు ఇంగ్లీషు రాకున్న ఎరుకే" అన్నది. తాత నవ్వి నవ్వి దగ్గిండు. మామ గూడ ఆఖరికి నవ్విండు. నాకు అప్పుడు ఊపిరొచ్చింది.

మళ్ల లెక్క కడితే బరువు ఎక్కువైంది. ఇంక పెద్ద టైర్లు ఎక్కిస్తే ఎనుక జోళ్లు ఒకదానికొకటి రాసుకుంటయి, నడుమ జాగ లేదన్నడు తాత. అదే సైజుల జర గట్టి రకం ఆరు తీసిండు. ఈ తాప పై వరుస, కింది వరుస రెండు గట్టిగ చదివిన. అయినా కొంత బరువు దించాలె. అత్తమ్మ తనంతట తనే రోలు దించమన్నది. అని, బీరువా దిక్కు చూసుకుంట నిలబడ్డది. మామ బీరువా తలుపును ఒకసారి తట్టి, "దించుండ్రి" అన్నడు. ఆ తర్వాత గూడ దుకాణంల నా గురించి చెప్పుడు ఆయన మానలేదు. మాట మాత్రం జర మారింది. "మా కోడలికి ఇంగ్లీషు వస్తది. రానికాడ రాదని గూడ చెప్తది."

పోయినం. ప్రజ్ఞాపూర్ కాడ చాయ తాగి, పట్నం దాటి, పొలాల నడుమకెళ్లి, ఆ కొత్త టైర్లు మెత్తగ జోకొడ్తుంటే సగం తొవ్వ నిద్రలనే పోయిన. లేచేసరికి గాలి ఉప్పగున్నది. బస్సు ఆగీ ఆగకముందే అత్తమ్మ దిగి నీళ్ల దిక్కు ఉరికింది, ఎనుక మామ ఉరికిండు. అల వచ్చి ఇద్దరిని ఇసుకల కూలేసింది. వాళ్లు లేవలేదు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోని, తడిసి, చిన్నపిల్లల లెక్క నవ్వుతున్నరు. మా ఆయన నీళ్లల్ల నిలబడి నన్ను రమ్మని చెయ్యి ఊపుతుండు. నేనేమో కొత్త కోడల్ని, చీరె తడిస్తే ఎవలేమనుకుంటరో అని కుచ్చిళ్లు పైకి పట్టుకోని బస్సు మెట్టు మీదనే నిలబడ్డ. ఎంతసేపైనా దిగలేదు.

ఇప్పుడు అత్తమ్మ వయసుకు దగ్గరపడ్డ. ఒక్కోసారి మధ్యాహ్నం కన్ను మూతపడంగనే ఆ మెట్టు మీది పిల్ల కనబడ్తది. సప్పుడు చెయ్యకుండ పోయి, ఎనుకకెళ్లి, ఆ పిల్లను ఒక్క తోపు తోయబుద్దయితది.