సగం కాలిన బొగ్గులు

మా అవ్వ పొయ్యిలో బూడిదను ఊరికే పారబోయడం నేనెన్నడూ చూడలేదు. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం మేము. బెల్లంపల్లిలో మేముండే క్వార్టర్ల లైనులో, బాపులాగా బొగ్గు బాయిలో, అంటే గనిలో, పనిచేసే వాళ్లందరికీ ఇంటికి బొగ్గు ఉచితంగానే వచ్చేది. అందుకే అందరూ పొద్దున్నే బూడిదంతా ఎత్తి లైను చివర కుప్పలో పోసేవాళ్లు. అవ్వ మాత్రం జల్లెడ ముందేసుకుని కూర్చునేది. మెత్తని బూడిద గిన్నెలు తోమడానికి డబ్బాలోకి, రాళ్లు వాకిట్లో బురద గుంటలోకి, సగం కాలిన బొగ్గులు మళ్లీ పొయ్యిలోకి.

అప్పుడు నాకు పదేళ్లు, పరువు మాత్రం పెద్దవాళ్లంత. పక్కింటావిడ "మీ అవ్వకు బొగ్గు సాల్తలేదా?" అని నవ్విన రోజు ఒళ్లు మండింది. మర్నాడు అవ్వ నీళ్లకు నల్లా దగ్గరికి వెళ్లగానే, ఆమె ఏరిపెట్టిన బొగ్గుల తట్ట తీసుకెళ్లి కుప్పలో బోర్లించాను. పీడ వదిలిందనుకున్నాను.

వదల్లేదు. అవ్వ తిరిగొచ్చి, తట్ట ఖాళీగా ఉండడం చూసి నేరుగా వెళ్లి, కుప్ప దగ్గర కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. లైనంతా గుమ్మాల్లోకి వచ్చింది. సరిగ్గా అప్పుడే రాత్రి షిఫ్టు ముగించుకుని బాపు వచ్చాడు.

"ఏందే గిది? మనింట్ల బొగ్గుకు కరువొచ్చిందా? అందరు నవ్వుతుండ్రు, లే!"

ఆయన గొంతులో కోపం కన్నా చిన్నతనమే ఎక్కువగా వినిపించింది.

అవ్వ తలెత్తలేదు. "నవ్వనియ్. నువ్వు బాయిల దిగినవంటె మల్ల ఇంటికొచ్చేదాంక నా పానం నిలువది. గట్ల దిగి తీసిన బొగ్గు సగం కాలంగనే పారెయ్యాల్నంటె నాకు మనసొప్పది."

అవ్వకు అంత భయముందని నాకు తెలియదు. రోజూ నవ్వుతూ టిఫిను డబ్బా చేతికిచ్చి పంపేది కదా! బాపుకూ తెలియనట్టే ఉంది. నేను ఆగలేకపోయాను. ఏడుస్తూ వెళ్లి, "నేనే పారబోసిన, బాపూ" అన్నాను.

ఆయన తిట్టలేదు. టోపీ తీసి పక్కన పెట్టి, కుప్ప దగ్గర కూర్చుని నా చేతిలో ఒక ముక్క పెట్టాడు. "జర చూడు బిడ్డా. బరువుంటె రాయి, తేలికుంటె బొగ్గు."

"రాత్రంత పనిచేసి వచ్చినవ్, పోయి పండుకో పో" అంది అవ్వ.

"పండుకుంట తియ్. జరసేపు నీ పక్కన కూసోనియ్."

మా లైనులో మొగుడూ పెళ్లాలు పట్టపగలు, అందరి ముందర అట్లా పక్కపక్కన కూర్చోవడం నేను చూసింది అదే మొదటిసారి.